ఓడినా మన జట్టే

గెలుపు వెంట లోకమంతా నడుస్తుంది. ఓటమి వెంట నడిచేవారెవరు? ఒక శతాబ్దానికి పైగా కలకత్తా గ్యాలరీలు ఈ ప్రశ్నకు సమాధానం చెబుతూనే ఉన్నాయి.

1975 సెప్టెంబరు 30. కలకత్తా మైదానంలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్ జరుగుతున్నది. ఒక ప్రక్క ఎరుపు, బంగారు రంగుల దుస్తులలో ఈస్ట్ బెంగాల్. మరొక ప్రక్క ఆకుపచ్చ, ముదురెరుపు రంగులలో మోహన్ బగాన్. ఈ రెండు జట్లూ తలపడితే చాలాసార్లు ఒక్క గోల్ తేడాతోనే ఫలితం తేలుతుంది. కొన్నిసార్లు అదీ తేలదు. ఆనాడు మాత్రం అలా జరగలేదు. సురజిత్ సేన్‌గుప్తా ఒక గోల్, శ్యామ్ థాపా రెండు, రంజిత్ ముఖర్జీ ఒకటి, శుభంకర్ సన్యాల్ ఒకటి. మోహన్ బగాన్ ఒక్కటి కూడా తిరిగి ఇవ్వలేకపోయింది. ఆట ముగిసేసరికి ఈస్ట్ బెంగాల్ 5, మోహన్ బగాన్ 0.

ఆ రాత్రి మోహన్ బగాన్ ఆటగాళ్లు కొందరు అభిమానుల కంట పడలేక గంగానదిలో పడవ మీద తెల్లవార్లూ గడిపారని కలకత్తాలో నేటికీ చెప్పుకుంటారు. పడవ కథ వింటే నవ్వు రావచ్చు. కాని ఆనాటి మరొక కథ విన్నవారెవరూ నవ్వలేరు. మోహన్ బగాన్‌ను ప్రాణంగా ఎంచుకున్న ఒక యువకుడు ఆ ఓటమిని భరించలేక నిజంగానే ప్రాణం తీసుకున్నాడు. మరుజన్మలో ఆ జట్టు ఆటగాడుగా పుట్టి ఈ పరాభవానికి బదులు తీర్చుకుంటానని ఉత్తరం వ్రాసిపెట్టి పోయాడు.

ఒక తోలుబంతి అయిదుసార్లు వలలో పడినందుకు ఇంత దుఃఖమా? ఆ బంతిని తన్నినవారిలో ఒక్కరికైనా ఆ యువకుని పేరు తెలియదు. అతనికి ఆ క్లబ్బు జీతమివ్వలేదు, పదవి ఇవ్వలేదు. అయినా ఆ ఓటమి అతని సొంత ఇంటి ఓటమి అయింది. అభిమానం అనే ఈ బంధం ఎక్కడ పుడుతుంది? గెలిచే జట్టును ప్రేమించడంలో వింత లేదు. ఏళ్ల తరబడి ఓడే జట్టును వదలకుండా పట్టుకొని ఉండేటట్లు చేసేది ఏది?

పేరులో మిగిలిన ఊరు

మోహన్ బగాన్ 1889 ఆగస్టు 15న పుట్టింది. 1911 జూలై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1 తేడాతో ఓడించి, ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలుచుకున్న మొదటి భారతీయ జట్టు అయింది. బూట్లు తొడుక్కున్న తెల్లసైనికుల మీద ఆడిన ఆ పదకొండుమందిలో పదిమంది వట్టికాళ్లతో ఆడారు. శివదాస్ భాదురీ, అభిలాష్ ఘోష్ చేసిన గోల్స్ బెంగాలు దేశమంతటా జాతీయోద్యమ విజయంగా ప్రతిధ్వనించాయి. ఆనాటినుంచి మోహన్ బగాన్ అభిమానం ఆటకు మించిన విషయమైపోయింది.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక ఒక అలకతో ఆరంభమయింది. 1920 జూలై 28న మోహన్ బగాన్‌తో ఆడవలసిన జోడాబగాన్ జట్టులోనుంచి శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి తప్పించారు. కారణం చెప్పలేదు. అతడు తూర్పు బెంగాలువాడు కనుకనే తప్పించారని ఆ ప్రాంతంవారు భావించారు. జోడాబగాన్ ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి నిరసనగా బయటికి వచ్చి, మిత్రులతో కలసి ఆగస్టు 1న క్రొత్త క్లబ్బు స్థాపించారు. తమ ప్రాంతం పేరునే దానికి పెట్టారు.

ఆ పేరుకు ఎంత బరువు రాబోతున్నదో వారికి తెలియదు. 1947లో దేశం చీలిపోయింది. తూర్పు బెంగాలు పాకిస్తాన్‌లో భాగమైంది. ఇల్లు, పొలం, చెరువు, ఏరు వదలి లక్షలమంది కట్టుబట్టలతో కలకత్తా చేరారు. నగరం దక్షిణాన శరణార్థుల కాలనీలు వెలిశాయి. వారి ఊరు ఇక పటంలో వేరొక దేశం. కాని శనివారం సాయంత్రం మైదానంలో పదకొండుమంది ఆ ఊరి పేరుతో పరుగెత్తుతున్నారు! నిలువనీడ లేనివానికి ఆ గ్యాలరీలో చోటు దొరికింది. ‘ఎక్కడివాడవు?’ అని ఎవరైనా అడిగితే తలవంచుకోనక్కరలేని చోటు అది ఒక్కటే.

అప్పటినుంచి ‘ఘోటీ’లనబడే పశ్చిమ బెంగాలు వారికి మోహన్ బగాన్, ‘బాంగాల్’ అనబడే తూర్పువారికి ఈస్ట్ బెంగాల్ అన్న విభజన వంటింటిదాకా ప్రాకింది. గోదావరి తీరంలో పులస అని మురిసిపోయే చేపయే బెంగాలీల ఇలిశ్. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇంట్లో ఇలిశ్ పులుసు; మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల కూర. ఓడినవారి ఇంట ఆ పూట పొయ్యి చిన్నబోతుంది. పిల్లవాడు జట్టును ఎన్నుకోడు. ఇంటిపేరు వచ్చినట్లే జట్టూ వస్తుంది. ఇంటిపేరును, అప్పులపాలైందని ఎవరైనా మార్చుకుంటారా?

పదిహేడు సెకన్లు

1970 మొదలు 1975 వరకు వరుసగా ఆరు సంవత్సరాలు కలకత్తా లీగు ఈస్ట్ బెంగాల్‌దే. మహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 దాకా సాధించిన అయిదు వరుస విజయాల రికార్డు దానితో చెరిగిపోయింది. ఈ ఆరేళ్లూ మోహన్ బగాన్ అభిమానికి ఆఫీసులో, ట్రాములో, చేపల అంగడిలో ఎదురైన ఎగతాళిని ఊహించుకోవచ్చు. దానికి పరాకాష్ఠ 1975 షీల్డు ఫైనల్.

మరుసటి సంవత్సరం మోహన్ బగాన్‌కు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. హైదరాబాదు గల్లీలలో బంతి తన్నుతూ పెరిగిన మహమ్మద్ హబీబ్, మహమ్మద్ అక్బర్. అంతకు కొంతకాలం క్రితం వరకు వారిద్దరూ ఈస్ట్ బెంగాల్ విజయాలకు మూలస్తంభాలు. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్‌కు ఆడారు. వారితోపాటే, ఈస్ట్ బెంగాల్‌కు శిక్షణ ఇచ్చిన పి.కె. బెనర్జీ కూడా 1976లో మోహన్ బగాన్ శిక్షకులుగా వచ్చారు.

1976 లీగులో రెండు జట్లూ మళ్లీ ఎదురుపడ్డాయి. ఆట మొదలైంది. ఆలస్యంగా వచ్చినవారు గ్యాలరీలో ఇంకా కూర్చోనైనా లేదు. పదిహేడవ సెకనులో అక్బర్ గోల్ చేశాడు! ఆట చివరిదాకా ఆ ఒక్క గోలే నిలిచింది. ఆ సంవత్సరం లీగు కూడా ఏడేళ్ల తరువాత మోహన్ బగాన్‌కు దక్కింది.

ఆరేళ్ల అవమానానికి పదిహేడు సెకన్లు సరిపోయాయా? లెక్కప్రకారం సరిపోవు. కాని అభిమాని లెక్క వేరు. ఆరేళ్లూ గ్యాలరీలో కూర్చున్నవానికే ఆ పదిహేడు సెకన్ల విలువ తెలుసు. గెలుపు వార్త విని ఆనాడే పచ్చజెండా కొనుక్కున్నవానికి అది ఒక గోల్ మాత్రమే.

మారేవారు, మారనివారు

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. 1975లో మోహన్ బగాన్ వలలో రెండుసార్లు బంతి వేసిన శ్యామ్ థాపా, రెండేళ్లు తిరక్కుండానే మోహన్ బగాన్ దుస్తులు ధరించాడు. 1977 షీల్డు ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించిన గోల్ అతనిదే. ఓటమి తెచ్చిన కాలే గెలుపునూ తెచ్చింది. శిక్షకుడు మారాడు, హబీబ్ మారారు, అక్బర్ మారాడు, థాపా మారాడు. మారకుండా ఉన్నది గ్యాలరీ ఒక్కటే.

ఈ ధోరణి నేటికీ ఆగలేదు. 1980లో ఇరాన్‌నుంచి వచ్చి ఈస్ట్ బెంగాల్ అభిమానుల హృదయాలను ఏలిన ఆటగాడు జంషీద్ నాసిరి. 2022 జనవరి 29న ఆయన కుమారుడు కియాన్ నాసిరి, మోహన్ బగాన్ తరఫున మధ్యలో బరిలోకి దిగి, ఈస్ట్ బెంగాల్ మీద మూడు గోల్స్ చేశాడు. తండ్రికి హారతులు పట్టినవారు కొడుకు చేతిలో దెబ్బతిన్నారు.

ఆటగాణ్ణి తప్పు పట్టనక్కరలేదు. అతని వృత్తి అది. కాలు సత్తువ పది పన్నెండేళ్లకు మించి నిలవదు. క్లబ్బు కార్యవర్గాలు మారతాయి, పెట్టుబడిదారులు మారతారు, దుస్తుల మీద ముద్రలు మారతాయి. ఏ ఒప్పందం మీదా సంతకం చేయనివాడు, ఏ షరతుకూ కట్టుబడనివాడు అభిమాని ఒక్కడే. అతడే కదలకుండా ఉంటాడు. ఇలా చూస్తే జట్టు అనగా పదకొండుమంది ఆటగాళ్లు కారు. వారు వచ్చిపోయే అతిథులు. ఇంటి యజమాని గ్యాలరీలో ఉన్నాడు.

‘మనం గెలిచాం, వాళ్లు ఓడారు’

అక్బర్ గోల్ చేసిన ఆ 1976 లోనే, అమెరికాలో రాబర్ట్ చియాల్దీని అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి ఒక పరిశోధన ప్రకటించాడు. ఏడు విశ్వవిద్యాలయాలలో, శనివారం జరిగే ఫుట్‌బాల్ పోటీల తరువాత, సోమవారంనాడు విద్యార్థులు ఏ దుస్తులు వేసుకొని తరగతికి వస్తున్నారో లెక్కించారు. తమ జట్టు గెలిచిన వారం విశ్వవిద్యాలయం పేరున్న చొక్కాలు ఎక్కువగా కనిపించాయి. ఓడిన వారం తగ్గాయి. టెలిఫోనులో ఆ పోటీని గురించి అడిగితే, గెలిచినప్పుడు ‘మనం గెలిచాం’ అన్నవారే ఓడినప్పుడు ‘వాళ్లు ఓడారు’ అనడానికి మొగ్గుచూపారు.

మానవ స్వభావానికి ఇది పట్టిన అద్దం. పరుల వెలుగులో మనం కూడా కాస్త మెరవాలనుకుంటాం. దీపం ఆరిపోగానే దూరంగా జరుగుతాం. కాని అందరూ జరగరు. 1990లో డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కోంబ్ అనే మరి ఇద్దరు పరిశోధకులు అభిమానులను రెండు తెగలుగా పరిశీలించారు: జట్టుతో గాఢంగా మమేకమైనవారు, పైపైన ఇష్టపడేవారు. ఓటమి ఎదురైనప్పుడు దూరం జరిగేది ప్రధానంగా రెండవ తెగవారే. మొదటి తెగవారికి జట్టు తమనుంచి వేరైన వస్తువు కాదు, తమలో ఒక భాగం. తన చేయి విరిగిందని ఎవరూ చేతిని వదిలిపెట్టరు గదా.

ప్రపంచమంతటా ఈ మొదటి తెగవారు ఉన్నారు. అమెరికాలో చికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు 1908లో విజేత అయింది. మళ్లీ విజేత అయినది 2016లో. నూట ఎనిమిది సంవత్సరాలు! ఆ గెలుపు వేళ అభిమానులు తమ మైదానపు ఇటుకగోడల మీద సుద్దముక్కలతో పేర్లు వ్రాశారు. ఆ విజయాన్ని చూడకుండానే వెళ్లిపోయిన తల్లులవి, తండ్రులవి, తాతలవి ఆ పేర్లు. మన దేశంలోనూ అటువంటి నిరీక్షణ ఉన్నది. ఒకనాడు కలకత్తాను ఏలిన మహమ్మడన్ స్పోర్టింగ్ 1981లో లీగు గెలిచింది. ఆ తరువాతి లీగు విజయం 2021లో. నలభై ఏళ్ల నాటి ఆ గెలుపుకు కేరింతలు కొట్టిన కుర్రవాడు, మళ్లీ గెలుపు చూసేనాటికి తాతయ్యే వయసుకు చేరాడు.

ఎనిమిది ఓటముల తరువాత

కాలచక్రం తిరిగింది. ఒకప్పుడు ఎగతాళి చేసినవారి వంతు వచ్చింది. ఈస్ట్ బెంగాల్ 2003లో జకార్తాలో ఆసియాన్ కప్పు గెలిచింది. 2004లో మూడవసారి జాతీయ లీగు గెలిచింది. ఆ తరువాత ఇరవై ఏళ్లు గడచినా జాతీయ లీగు దాని చేతికి రాలేదు. 2019లో ఒక్క పాయింటు తేడాతో జారిపోయింది. 2020లో ఇండియన్ సూపర్ లీగులో చేరినప్పటినుంచి 2025 దాకా అయిదు సీజన్లలో ఒక్కసారి కూడా మొదటి ఆరు స్థానాలలోకి రాలేదు. 2021-22లో ఇరవై పోటీలు ఆడి గెలిచినది ఒక్కటి మాత్రమే. పట్టికలో అట్టడుగున నిలిచింది. కరోనా కారణంగా ఆ పోటీలు గోవాలో ఖాళీ గ్యాలరీల మధ్య జరిగాయి. కనీసం దగ్గర కూర్చొని దుఃఖించే అవకాశం కూడా అభిమానికి దక్కలేదు.

అన్నిటికంటె మంట పెట్టినది మోహన్ బగాన్ చేతిలో ఓటమి. 2020 జనవరి నుంచి 2023 ఫిబ్రవరి దాకా వరుసగా ఎనిమిదిసార్లు ఓడిపోయారు. ఎనిమిదిసార్లూ జెండాలు మడిచి ఇంటికి తీసుకుపోయారు. తొమ్మిదవసారి మళ్లీ విప్పారు.

2023 ఆగస్టు 12న డ్యూరండ్ కప్పు పోటీ. సాల్ట్ లేక్ స్టేడియంలో నందకుమార్ శేఖర్ చేసిన ఒకే ఒక్క గోల్‌తో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. నాలుగున్నర ఏళ్ల తరువాత దక్కిన గెలుపు అది! గ్యాలరీలో ఎరుపు, బంగారు రంగులు సముద్రంలా పొంగాయి. ఆ సంతోషం ఎంతకాలం నిలిచింది? సరిగా ఇరవైరెండు రోజులు. సెప్టెంబరు 3న అదే కప్పు ఫైనల్లో, పదిమంది ఆటగాళ్లతోనే మిగిలిన మోహన్ బగాన్ ఈస్ట్ బెంగాల్‌ను 1-0 తేడాతో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది.

ఇటువంటి ఆటను విధి అని కొందరంటారు. అభిమాని మాత్రం తరువాతి పోటీ ఎప్పుడో తెలుసుకొని కాలెండరులో గుర్తు పెట్టుకుంటాడు. 2024 జనవరి 28న భువనేశ్వర్‌లో సూపర్ కప్పు ఫైనల్లో, ఒడిశా జట్టు మీద అదనపు సమయంలో క్లైటన్ సిల్వా చేసిన గోల్‌తో ఈస్ట్ బెంగాల్ 3-2 తేడాతో గెలిచింది. పన్నెండేళ్ల తరువాత చేతికందిన జాతీయ స్థాయి కప్పు అది.

హద్దు దాటితే

అభిమానాన్ని కీర్తించడం తేలిక. దాని చీకటి ముఖాన్ని కూడా చూడాలి. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల లీగు పోటీ జరుగుతుండగా మైదానంలో ఆటగాళ్ల మధ్య రేగిన ఘర్షణ గ్యాలరీకి ప్రాకింది. తొక్కిసలాటలో పదహారుమంది మరణించారు. సాయంత్రానికి ఇంటికి వస్తామని చెప్పి వెళ్లిన బిడ్డలు వారు. ఆ తేదీని కలకత్తా ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటించింది. వారి స్మృతికి రక్తదాన శిబిరాలు జరిపింది. ఏ జట్టు అభిమాని రక్తం ఏ జట్టు అభిమానికి ఎక్కుతుందో ఆ సీసా మీద వ్రాసి ఉండదు.

ఓటమి మాత్రమే కాదు, గెలుపు కూడా ప్రాణాలు తీయగలదు. బెంగుళూరు క్రికెట్ జట్టు 2008నుంచి ఎదురుచూచి 2025 జూన్ 3న ఐ.పి.ఎల్. కప్పు గెలిచింది. మధ్యలో 2009లో, 2016లో ఫైనల్స్‌లో వారి ఆశలను వమ్ము చేసినవి హైదరాబాదు జట్లే. పద్దెనిమిది సీజన్ల నిరీక్షణ ఫలించిన మరునాడే, స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు. ఏళ్ల తరబడి ఓర్పు పట్టినవారిని కాపాడవలసిన బాధ్యత నిర్వాహకులది. అభిమాని కూడా ఒక్క సంగతి మరువరాదు. జట్టు ఓడితే మరుసటి ఏడు మళ్లీ ఆడుతుంది. పోయిన ప్రాణానికి మరుసటి ఏడు లేదు.

జట్టే లేకపోతే

ఓడే జట్టున్నవాడు ఒక విధంగా అదృష్టవంతుడు. హబీబ్, అక్బర్‌లను కన్న హైదరాబాదు ఒకనాడు భారత ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లు. ఎస్.ఎ. రహీం శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ వైభవం క్రమంగా కరిగిపోయింది. చాలాకాలానికి హైదరాబాదు ఎఫ్.సి. అనే క్రొత్త జట్టు వెలసి, 2022 మార్చి 20న ఇండియన్ సూపర్ లీగు విజేత అయింది. రెండేళ్లకే చేతిలో డబ్బు లేక చతికిలబడి, 2023-24లో ఇరవైరెండు పోటీలలో ఒక్కటి మాత్రమే గెలిచింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకున్నది. ఓటములను దిగమింగడానికి సిద్ధపడిన హైదరాబాదు అభిమానికి ఇక ఓడిపోవడానికైనా జట్టు లేదు.

కలకత్తా క్లబ్బులను నిలబెట్టినది కప్పులు కావు. వందేళ్ల పేరు, మైదానంలో ఒక డేరా, సభ్యత్వపు చీటీ, తండ్రి చేయి పట్టుకొని మొదటిసారి గ్యాలరీ మెట్లెక్కిన జ్ఞాపకం. ఇవి ఉన్నంతకాలం ఓటమి తాత్కాలికం.

2024 ఆగస్టు 18న కోల్‌కతాలో ఈ రెండు జట్ల పోటీ జరగవలసి ఉన్నది. నగరంలోని ఒక ఆసుపత్రిలో ఒక యువ వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్య వలన ప్రజలు ఆగ్రహంతో ఉన్న సమయమది. భద్రతా కారణాలమీద పోటీ రద్దయింది. అయినా అభిమానులు వచ్చారు. సాల్ట్ లేక్ స్టేడియం ఎదుట రోడ్డు మీద ఎరుపు బంగారు చొక్కాలు, ఆకుపచ్చ ముదురెరుపు చొక్కాలు, మహమ్మడన్ వారి నలుపు తెలుపు చొక్కాలు కలసిపోయాయి. అందరి నోటా ఒకే నినాదం: న్యాయం కావాలి. ఒక మోహన్ బగాన్ అభిమాని భుజాల మీద ఒక ఈస్ట్ బెంగాల్ అభిమాని కూర్చున్న చిత్రం దేశమంతా చూచింది. వందేళ్లుగా ఒకరి ఓటమికి ఒకరు పండుగ చేసుకున్నవారు వారు. తమవారి పక్షాన నిలబడడమంటే ఏమిటో ఆ గ్యాలరీలలోనే నేర్చుకున్నారు. ఆనాడు ఆ ‘తమవారు’ అనే మాట కొంచెం పెద్దదైంది.

ఆ పోటీకి ఏడాది ముందు, నందకుమార్ గోల్ చేసిన మూడవ రోజున, 2023 ఆగస్టు 15న, హైదరాబాదులో మహమ్మద్ హబీబ్ కన్నుమూశారు. ఆయన మూడు జట్ల దుస్తులూ ధరించినవారు. మూడు జట్ల అభిమానుల చేతా జయజయధ్వానాలు, శాపనార్థాలు రెండూ విన్నవారు. మూడు గ్యాలరీలూ ఆయనను తమవాడుగానే తలచుకున్నాయి. ఆటగాడు వెళ్లిపోయాడు. గ్యాలరీ మాత్రం తరువాతి పోటీకి టిక్కెట్టు వరుసలో నిలబడి ఉన్నది.